క్లాసు బ్లాగు నడపాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

విద్యార్థి రాసిన నోటుబుక్కు ఎంతమంది చదువుతారు? ఒక్క టీచరు. ఆ టీచరుకి అందులో ఉన్న విషయం ముందే తెలుసు. తెలిసినవాళ్లకి తెలిసిన సంగతే మళ్లీ రాసి చూపించమంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? అందుకే చాలా జవాబులు గైడులోంచి దిగినట్టే ఉంటాయి. బ్లాగులో రాసినప్పుడు ఇది మారుతుంది. చదివేవాళ్లలో విషయం తెలియనివాళ్లు ఉంటారు, "ఈ ముక్క నాకర్థం కాలేదు" అని అడుగుతారు, రాసినవాళ్లు మళ్లీ ఆలోచించుకుని ఆ ముక్క తిరగరాస్తారు. అసలు చదువు జరిగేది ఆ తిరగరాసే దగ్గరే. కింద చెప్పేదంతా ఈ ఒక్క సంగతిని పట్టుకునే చెబుతున్నాను: క్లాసు బ్లాగులో ఎన్ని పోస్టులు వచ్చాయని కాదు, ఎవరో అడిగిన ప్రశ్న వల్ల ఎన్ని పోస్టులు మారాయో లెక్కపెట్టుకోండి.

హోమ్‌వర్కు, పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు పెట్టుకోవడానికే అయితే బ్లాగు అక్కర్లేదు. ఒక మెసేజ్ గ్రూపు సరిపోతుంది.

ముందు కాగితం మీద ఒక వాక్యం

కంప్యూటర్ తెరవకముందే ఇలా రాసుకోండి: "ఈ బ్లాగులో మా పిల్లలు ఫలానాది రాస్తారు, దాన్ని ఫలానావాళ్లు చదువుతారు." ఉదాహరణకి "ఏడో తరగతి పిల్లలు తాము చేసిన సైన్సు ప్రయోగాల గురించి రాస్తారు, పక్క సెక్షన్ వాళ్లు చదువుతారు." లేదా "డిగ్రీ విద్యార్థులు వారంలో చదివిన ఒక్క వ్యాసం గురించి రాస్తారు, జూనియర్లు చదువుతారు." మొదటి భాగం అందరూ ఇట్టే రాసేస్తారు. రెండో భాగం దగ్గరే ఇరుక్కుంటారు. అది తేలేదాకా ముందుకి వెళ్లకండి, ఎందుకంటే "ప్రపంచమంతా చదువుతుంది" అనుకుని మొదలుపెట్టిన బ్లాగుని చాలాసార్లు ఎవరూ చదవరు, అది పిల్లలకి రెండు వారాల్లో అర్థమైపోతుంది. పేరు పెట్టి చెప్పగలిగిన పాఠకులు పాతికమంది ఉన్నా చాలు.

తర్వాత, ఎవరి బ్లాగు అన్నది తేల్చుకోవాలి. టీచరు రాసి పిల్లలు చదివేది ఒక రకం. క్లాసంతటికీ కలిపి ఒకే బ్లాగు, అందులో అందరూ రాసేది ఇంకో రకం. ఒక్కొక్కరికీ సొంత బ్లాగు మూడో రకం. మొదటిసారి చేసేవాళ్లు రెండో రకమే పట్టుకోండి. నేను మొదటిసారి ఉత్సాహం కొద్దీ అందరికీ విడివిడిగా బ్లాగులు తెరిపించాను. నలభై బ్లాగులు. మొదటి వారం అన్నీ కళకళలాడాయి, రెండో వారం నేను సగం కూడా చదవలేకపోయాను, మూడో వారానికి రాసేవాళ్లు ఐదారుగురు మిగిలారు. పిల్లల తప్పేమీ లేదు, రాసింది ఎవరూ చదవకపోతే ఎవరైనా మానేస్తారు. అదే ఒక్క బ్లాగులో అందరూ రాస్తే, తన పోస్టు చూసుకోవడానికి వచ్చిన పిల్ల పక్కవాళ్లది కూడా ఎంతోకొంత చదువుతుంది.

మీరే ముందు మూడు పోస్టులు రాయండి

ఇది దాటేయకండి. పిల్లల్ని రాయమనే ముందు మీరు రాసి చూపించాలి, అందులో కనీసం ఒకటి మీకు పూర్తిగా తెలియని విషయం గురించి అయి ఉండాలి. "ఈ పాఠం చెబుతున్నప్పుడు నాకొక అనుమానం వచ్చింది, ఇక్కడిదాకా వెతికాను, ఇంకా తేలలేదు" అని టీచరే రాస్తే, తెలియదని ఒప్పుకోవడం ఇక్కడ తప్పు కాదని పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

ఇది చిన్న క్లాసులకే అనుకోకండి. గణిత శాస్త్రజ్ఞుడు టెరెన్స్ టావో 2007 నుంచి బ్లాగు రాస్తున్నాడు, తను యూనివర్సిటీలో చెప్పే పాఠాల నోట్సు కూడా అందులోనే పెడతాడు. చదివినవాళ్లు కింద తప్పులు చూపిస్తే దిద్దుకుంటాడు. అలా పెట్టిన నోట్సు కొన్ని తర్వాత పుస్తకాలయ్యాయి. 2009లో తిమోతీ గవర్స్ అనే ఇంకో గణిత శాస్త్రజ్ఞుడు ఇంకో అడుగు ముందుకి వేసి, తేలని ఒక లెక్కని తన బ్లాగులో పెట్టి, అందరూ కలిసి ఆలోచిద్దాం రండి, సగం సగం ఆలోచనలైనా ఫరవాలేదు, రాయండి అన్నాడు. వందల కామెంట్లు వచ్చాయి, కొన్ని వారాల్లోనే దారి దొరికింది. పాలీమాత్ ప్రాజెక్టు అంటారు దాన్ని. గణితంలో అతి పెద్ద పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న ఇలాంటివాళ్లు కూడా తమ సగం ఆలోచనని అందరి ముందూ పెట్టి దిద్దుకుంటున్నారని పిల్లలకి చెప్పండి. పెద్ద క్లాసుల వాళ్లయితే ఆ పాత కామెంట్లు తెరిచి చూపించండి, లెక్క అర్థం కాకపోయినా "నేను పొరబడ్డాను" అన్న మాట ఎన్నిసార్లు, ఎంత మామూలుగా వస్తుందో కనిపిస్తుంది.

ఎక్కడ తెరవాలి, ఏ సెట్టింగులు పెట్టాలి

దీని మీద వారాల తరబడి బుర్ర పాడుచేసుకోకండి. బ్లాగర్ 1999 నుంచి ఉంది, 2003లో గూగుల్ కొనేసింది. ఉచితం, నేర్చుకోవడం తేలిక. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది, ఇందులో పనులు ఎక్కువ, నేర్చుకోవడానికి ఇంకొంచెం ఓపిక కావాలి. ఎడ్యుబ్లాగ్స్ అని వర్డ్‌ప్రెస్ మీదే కట్టినది, బడుల కోసమే 2005 నుంచి నడుస్తోంది. మీ సంస్థ వాడుతున్న క్లాస్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోనే బ్లాగు లాంటిది ఉంటే, చిన్నపిల్లలకి అదే మంచిది, కొత్తగా ఖాతాలు తెరవక్కర్లేదు.

వర్డ్‌ప్రెస్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో స్థాయి ఇవ్వొచ్చు. పిల్లలకి "కంట్రిబ్యూటర్" ఇస్తే వాళ్లు రాయగలరు, పంపగలరు, కానీ మీరు చూసి నొక్కితే గానీ పోస్టు బయటికి కనిపించదు. ఒక చిక్కు మాత్రం ఉంది, మామూలుగా ఆ స్థాయిలో ఉన్నవాళ్లు ఫొటోలు ఎక్కించలేరు, అవి మీరే పెట్టాలి. పోస్టు బయటికి వచ్చేశాక వాళ్లంతట వాళ్లు దాన్ని మార్చలేరు కూడా, కాబట్టి దిద్దుబాట్లు మీ చేతుల మీదుగానే వెళ్లాలి. పెద్ద విద్యార్థులకి "ఆథర్" (తమ పోస్టు తామే బయటికి ఇచ్చుకోగల, మార్చుకోగల స్థాయి) ఇచ్చేస్తే ఈ బాధ ఉండదు. బ్లాగర్‌లో ఇన్ని స్థాయిలు లేవు, కానీ బ్లాగుని అందరికీ తెరిచి ఉంచాలా, మీరు పిలిచినవాళ్లే చదవాలా అన్నది సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు, సెర్చ్ ఇంజిన్లకి కనిపించకుండా చేయొచ్చు.

మొదటి రోజే పెట్టాల్సినవి మూడు. ఒకటి, కామెంట్లు మీరు ఒప్పుకున్నాకే కనిపించాలి. రెండు, బ్లాగు చదివే హక్కు మీరు పిలిచినవాళ్లకే. మూడు, మీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ఖాతాకి రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటిది కూడా అడిగేది) పెట్టుకోండి. క్లాసులో అందరూ కలిసి ఒకే పాస్‌వర్డ్ వాడుకుంటే ఎవరు ఏం మార్చారో ఎవరికీ తెలియదు, ఒక్క రోజులో గొడవైపోతుంది.

ఖాతాల విషయంలో వయసు చూసుకోవాలి. గూగుల్ లాంటి చాలా సేవల్లో పిల్లలు తమంతట తాము ఖాతా తెరవడానికి చాలా దేశాల్లో 13 ఏళ్లు నిండాలి, కొన్ని దేశాల్లో ఇంకా ఎక్కువ. అంతకన్నా చిన్నపిల్లలైతే ఖాతా మీది ఒక్కటే ఉంచి, వాళ్లు రాసింది మీరే ఎక్కించండి. పని కాస్త పెరుగుతుంది, కానీ చిన్న క్లాసుల్లో ఎలాగూ మీరు పక్కన కూర్చునే చేయించాలి.

తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా

మూసి మొదలుపెట్టండి. రెండు మూడు నెలలయ్యాక, పిల్లలు కూడా కావాలంటే, కొన్ని పోస్టులు బయటికి ఇవ్వొచ్చు. నేనేమీ భయపెట్టడానికి చెప్పడం లేదు. బయటివాళ్లు చదువుతున్నారంటే పిల్లలకి వచ్చే ఊపు వేరు, దాన్ని నేను చాలాసార్లు చూశాను. కానీ అది ఎంత దూరం పోతుందో ముందే తెలియదు. 2012లో స్కాట్లండ్‌లో తొమ్మిదేళ్ల పాప ఒకతె, రాయడం మీద ఇష్టంతో, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని రోజూ ఫొటో తీసి, మార్కులు వేసి, నెవర్ సెకండ్స్ అనే బ్లాగులో పెట్టింది. కొన్ని వారాల్లోనే లక్షలమంది చూశారు. స్థానిక అధికారులు ఫొటోలు తీయొద్దన్నారు, జనం గట్టిగా అడిగేసరికి మర్నాడే వెనక్కి తగ్గారు. ఆ బ్లాగు చదివినవాళ్లు ఇచ్చిన విరాళాలతో వేరే దేశంలో ఆకలితో ఉన్న పిల్లలకి బడిలో భోజనం అందింది. ఎంత మంచి కథో చూడండి. కానీ అందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది: ఆ పాప వెనక వాళ్ల నాన్న ఉన్నాడు, ఖాతా దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాల దాకా ఒక పెద్ద మనిషి చూసుకున్నాడు. మీ క్లాసులో ముప్పైమందికి ఆ పెద్ద మనిషి మీరే, అంత తీరిక ఉందో లేదో చూసుకుని తెరవండి.

పేర్లు, ఫొటోలు, అనుమతి

ఇంటికి ఒక చిన్న కాగితం పంపండి. బ్లాగులో ఏం రాస్తారు, ఎవరు చదువుతారు, ఏ పేరుతో కనిపిస్తుంది, వద్దనుకుంటే ఎలా తీయించుకోవాలి, ఈ నాలుగూ మామూలు మాటల్లో ఉంటే చాలు. అమ్మానాన్నలు ఒప్పుకోకపోతే ఆ పిల్లని వదిలేయకండి, తను రాసింది కాగితం మీద క్లాసులో తిరుగుతుంది, కామెంట్లు కాగితం మీదే వస్తాయి, మార్కులు అందరితో సమానం.

పూర్తి పేర్లు పెట్టకండి. ఇంటి పేరు వద్దు, చిరునామా వద్దు, ఏ బస్సులో వస్తారో వద్దు. ఒక్కొక్కరు ఒక కలం పేరు ఎంచుకోమనండి, పిల్లలకి అదో సరదా. ముఖాలు కనిపించే ఫొటోల కన్నా చేతులు, నోటుబుక్కులు, ప్రయోగం సామాను ఉన్న ఫొటోలు మేలు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: ఫోన్‌తో తీసిన ఫొటోలో, లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఎక్కడ తీశారో ఆ వివరం ఫొటో లోపలే దాగి ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసి తీయించండి, లేదా ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి అది పెట్టండి.

మొదటి పోస్టు చిన్నదిగా

"నీకు నచ్చిన అంశం మీద రాయి" అని అనకండి. అది స్వేచ్ఛలా కనిపిస్తుంది గానీ, చాలామంది పిల్లలు తెల్ల కాగితం ముందు కూర్చుని టెన్షన్ పడతారు, చివరికి ఎక్కడినుంచో దించి తెస్తారు. వాళ్లు మాత్రమే జవాబు చెప్పగలిగినది అడగండి. లెక్కల్లో అయితే "ఈ వారం నువ్వు తప్పు చేసిన ఒక లెక్క, ఏ గీత దగ్గర దారి తప్పావో, అప్పుడు ఏమనుకున్నావో." చరిత్రలో అయితే ఒకే సంఘటనని చెప్పే రెండు పుస్తకాల్లోంచి రెండు పేరాలు ఇచ్చి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనిది ఏమిటో పట్టుకోమనండి. భాషలో అయితే ఇంట్లో పెద్దవాళ్లు అనే ఒక మాట, దాన్ని ఏ సందర్భంలో అన్నారో. ఎనిమిది పది వాక్యాలు చాలు.

టైపింగ్ రాదని ఆగకండి. తెలుగులో రాయడానికి ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని లాంటివి ఉన్నాయి, మాట్లాడితే టైపయ్యే సదుపాయం కూడా ఉంది. మాట్లాడి టైపు చేసింది ఒకసారి చదివి దిద్దుకోవాలి, అది కూడా మంచి వ్యాయామమే, తన మాట తనకే కాగితం మీద ఎలా కనిపిస్తుందో పిల్లకి అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో ఫోను, నెట్ లేని పిల్లలు ఉంటారు కాబట్టి రాయడం ఎప్పుడూ క్లాసులోనే, కాగితం మీదే జరగనివ్వండి. ఎక్కించే పని వారానికో ఇద్దరికి అప్పగించండి. ఉన్నవాళ్లు ఇంట్లో రంగులద్ది పెట్టుకుని, లేనివాళ్లు వెనకబడిపోవడం మాత్రం జరగకూడదు.

కామెంటు రాయడం నేర్పించాలి, ఇక్కడ తొందరపడొద్దు

బ్లాగు నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. ఏమీ నేర్పకుండా వదిలేస్తే "సూపర్", "బాగుంది", చప్పట్ల బొమ్మలు వస్తాయి. అవి చదివి సంతోషించవచ్చు గానీ, వాటివల్ల పోస్టు ఒక్క అక్షరం కూడా మారదు.

నెట్‌లోకి వెళ్లకముందు ఒక పీరియడ్ కాగితాలతో చేయించండి. ఒక్కొక్కరు రాసిన పేరా బెంచీ మీద ఉంచి, అందరూ లేచి తిరుగుతూ, మూడు పేరాలు చదివి, ఒక్కోదాని కింద ఒక ప్రశ్న రాయాలి. ప్రశ్న చివర ప్రశ్నార్థకం ఉంటే చాలదు, రాసినవాళ్లు ఆగి ఆలోచించాల్సిన ప్రశ్న కావాలి. ఆ తేడా చెబితే అర్థం కాదు, చూపిస్తేనే అర్థమవుతుంది.

ఇలాంటి పోస్టు వచ్చిందనుకోండి: "నేను రెండు పాత్రల్లో నీళ్లు పోశాను. ఒకటి ఎండలో పెట్టాను, ఇంకోటి నీడలో పెట్టాను. ఎండలో నీళ్లు తొందరగా ఆరిపోయాయి. వేడి వల్ల నీళ్లు ఆవిరవుతాయని తెలిసింది." తప్పేమీ లేదు, పుస్తకంలో ఉన్నదే. నోటుబుక్కులో అయితే టిక్కు కొట్టి పంపేస్తాం.

ఇప్పుడు కింద కామెంట్లు చూడండి. మొదటిది: "చాలా బాగా రాశావు!" రెండోది: "రెండు పాత్రలూ ఒకే వెడల్పా? నీళ్లు కొలిచి పోశావా?" మూడోది: "ఎండ ఉన్న చోట గాలి కూడా వీస్తుంది కదా, గాలికి ఆరిపోయి ఉండొచ్చేమో?"

రెండో కామెంటు చదివాక రాసిన అబ్బాయి ఏం చేస్తాడు? వెళ్లి చూసుకుంటాడు. ఎండలో పెట్టింది వెడల్పాటి పళ్లెం, నీడలో పెట్టింది గ్లాసు అని అప్పుడు గుర్తొస్తుంది. పళ్లెంలో నీళ్లు పరుచుకుని ఉంటాయి, గాలికి తగిలే పైభాగం ఎక్కువ, కాబట్టి నీడలో పెట్టినా అవే ముందు ఆరి ఉండేవేమో. మర్నాడు ఒకే సైజు గ్లాసులు రెండు తీసుకుని, రెండింట్లోనూ 100 మిల్లీలీటర్లు పోసి, పక్కపక్కనే పెట్టి ఒకదానికి అట్ట అడ్డం పెడతాడు. సాయంత్రం కొలిచి అంకెలు రాస్తాడు. వేడి, పైభాగం వెడల్పు, గాలి, ఈ మూడూ బాష్పీభవనం పాఠంలో వరసగా ఉన్నవే, కానీ వాటిని విడదీసి చూడాలని ఆ అబ్బాయికి తట్టింది పాఠం వల్ల కాదు, పక్క బెంచీ పిల్ల అడిగిన ప్రశ్న వల్ల. ఇది జరిగితే బ్లాగు పెట్టిన పని అయినట్టే.

ఈ మూడు కామెంట్లూ బోర్డు మీద రాసి, ఏ కామెంటు చదివాక పోస్టు మారుతుందో క్లాసునే చెప్పమనండి. తర్వాత ఒక చిన్న నియమం పెట్టండి: కామెంటులో ముందు పోస్టులోని ఒక మాట గానీ వాక్యం గానీ ఎత్తి రాయాలి, తర్వాత ప్రశ్న. "నువ్వు తొందరగా ఆరిపోయాయి అన్నావు, ఎంతసేపట్లో?" అన్నట్టు. చదవకుండా కామెంటు పెట్టడం దీనితో దాదాపు ఆగిపోతుంది. మెచ్చుకోవద్దని చెప్పకండి, ఏది నచ్చిందో చెప్పి మెచ్చుకోమనండి. మాటలు కటువుగా రాకుండా ఇంకొకటి కూడా నేర్పాలి, "నువ్వు తప్పు రాశావు" అనడం కన్నా "నాకు ఇక్కడ అర్థం కాలేదు" అంటే ఎదుటివాళ్లు వింటారని. నా అనుభవంలో పెద్ద క్లాసుల వాళ్లకన్నా చిన్నవాళ్లే దీన్ని త్వరగా పట్టుకుంటారు.

మార్పు కనిపించేలా దిద్దండి

ప్రశ్న వచ్చాక పాత వాక్యం చెరిపేసి కొత్తది పెట్టేస్తే, ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పాత వాక్యం మీద గీత కొట్టి ఉంచండి, లేదా పోస్టు చివర "సవరణ" అని తేదీ వేసి, ఏం మార్చారు, ఎవరి ప్రశ్న వల్ల మార్చారు అన్నది రెండు లైన్లు రాయించండి. ప్రశ్న అడిగిన పిల్ల కలం పేరు అక్కడ కనిపిస్తే తను ఎంత పొంగిపోతుందో చూడండి.

బ్లాగు అసలు స్వభావమే తేదీలది. వెబ్‌లాగ్ అనే మాట 1997లో వాడుకలోకి వచ్చింది, రెండేళ్లలో అది బ్లాగ్ అయింది. లాగ్ అంటే ఓడ మీద రోజూ తేదీ వేసి రాసే పుస్తకం, ఆ పుస్తకంలో నిన్నటి లెక్క తప్పని తేలినా పేజీ చించరు, ఈరోజు కింద రాస్తారు. పిల్లల ఆలోచనకి కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉండాలి.

ఇదంతా మీరు మోయగలిగేలా ఉండాలి

క్లాసులో నలభైమంది ఉంటే అందరూ ప్రతి వారం రాస్తే మీరు చదవలేరు. నాలుగు గుంపులు చేయండి, గుంపుకి పదిమంది. ఒక్కో వారం ఒక గుంపు పోస్టులు రాస్తుంది, మిగతా ముప్పైమంది కామెంట్లు రాస్తారు, ఎవరు ఎవరికి రాయాలో మీరే జాబితా వేస్తే పోస్టుకి మూడు కామెంట్లు కచ్చితంగా పడతాయి. జాబితా లేకపోతే అందరికీ ఇష్టమైన ఇద్దరి పోస్టుల కిందే పదిహేనేసి కామెంట్లు చేరతాయి, మాట్లాడని పిల్ల పోస్టు కింద ఒక్కటీ ఉండదు, ఆ ఖాళీ ఆ పిల్లకి చాలా బాధగా ఉంటుంది. వారానికి పది పోస్టులు, ఒక్కోదానికి ఆరు నిమిషాలు, అంటే మీకు గంట పని. నెలకి ప్రతి పిల్లదీ ఒక పోస్టు, మూడు కామెంట్లు. వినడానికి తక్కువే, కానీ ఏడాది చివరిదాకా నడుస్తుంది.

మీరు కామెంటు ఆఖర్న రాయండి. టీచరు ముందు రాస్తే పిల్లలు ఇక అడగడానికి ఏముంది అనుకుంటారు. స్పెల్లింగులు కామెంట్లలో దిద్దకండి, అందరి ముందూ అక్షర దోషాలు చూపిస్తే ఆ పిల్ల ఇంకోసారి రాయదు. అవి బయటికి ఇవ్వకముందే పక్కన కూర్చుని దిద్దించండి, లేదా నాలుగైదు పోస్టుల్లో వచ్చిన ఒకే రకం తప్పుని, ఎవరిదో చెప్పకుండా, బోర్డు మీద చెప్పండి.

మార్కులు వేయాల్సి వస్తే పోస్టుకి తక్కువ, కామెంట్లకీ సవరణకీ ఎక్కువ వేయండి. ఎన్ని మాటలు రాశారని లెక్కపెట్టకండి, మాటల లెక్కకి మార్కులిస్తే మాటలే పెరుగుతాయి.

దించి రాయడం, యంత్రంతో రాయించడం

దించి రాసిన పోస్టు వస్తే ముందు మీరడిగిన ప్రశ్న చూసుకోండి. "నీటి కాలుష్యం గురించి రాయి" అంటే నెట్‌లో వెయ్యి వ్యాసాలున్నాయి, ఏఐ క్షణంలో రాసిస్తుంది. "నువ్వు ఈరోజు కొలిచిన రెండు గ్లాసుల గురించి రాయి" అంటే దించడానికి చోటు దొరకదు. అయినా యంత్రంతో రాయించుకొస్తే, కామెంట్లే పట్టిస్తాయి, "ఈ మాటకి అర్థమేంటి" అని తోటివాళ్లు అడిగితే తను చెప్పలేదు. అందరి ముందూ నిలదీయకండి, పోస్టుని డ్రాఫ్టులోకి (బయటికి కనిపించని చిత్తుప్రతిలోకి) వెనక్కి తీసి, విడిగా మాట్లాడి, మళ్లీ రాయమనండి.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. గూగుల్‌లో వెతికితే కనిపించిన బొమ్మ మనది కాదు. వికీమీడియా కామన్స్‌లో ఎవరైనా వాడుకోగల ఫొటోలు, బొమ్మలు కోట్లలో ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఎవరు తీశారో పేరు, ఏ లైసెన్సో రాయాలన్న షరతు ఉంటుంది. ఆ ఒక్క లైను రాయడం చిన్నప్పుడే అలవాటైతే, తర్వాత ఇంకొకరి మాట ఎత్తి రాసేటప్పుడు కూడా పేరు చెప్పాలని వేరే నేర్పక్కర్లేదు. అన్నిటికన్నా మంచిది, పిల్లలే గీసిన బొమ్మ. ఏ బొమ్మ పెట్టినా అందులో ఏముందో ఒక వాక్యంలో వర్ణించి, బొమ్మ వివరం రాసే చోట పెట్టించండి. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో చదివేటప్పుడు బొమ్మకి బదులు ఆ వాక్యమే వినిపిస్తుంది. క్లాసులో అలాంటి పిల్లలు లేరు కదా అని మానేయొద్దు, చూసినదాన్ని మాటల్లో పెట్టడం సైన్సుకీ భాషకీ రెండింటికీ పనికొస్తుంది.

గొడవ వచ్చినప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు ఒక చెడ్డ కామెంటు వస్తుంది. మీరు చూసి వదిలే పద్ధతి పెట్టుకున్నారు కాబట్టి అది ముందు మీకే కనిపిస్తుంది. చెరిపేయకముందు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత రాసిన పిల్లతో ఒంటరిగా మాట్లాడండి. ఆ కామెంటు ఎవరి గురించో ఆ పిల్ల చూడకపోతే, వెళ్లి చూపించక్కర్లేదు. బయటివాళ్ల నుంచి, లింకులతో వచ్చే చెత్త కామెంట్లని చర్చ లేకుండా తీసేయండి. బయటి మనిషి ఎవరైనా ఒక పిల్ల ఫోన్ నంబరో, విడిగా మాట్లాడదామనో అడిగితే మాత్రం అది బ్లాగు విషయం కాదు, వెంటనే పై వాళ్లకీ ఇంట్లోవాళ్లకీ చెప్పాలి. ఇది పిల్లలకి మొదటి రోజే చెప్పి ఉంచండి, అలాంటిది ఏదైనా వస్తే తిడతారని దాచకుండా మీ దగ్గరికి రావాలి.

ఏడాది చివర

బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ మొత్తం పోస్టుల్ని ఒకే ఫైలుగా దించుకునే వీలుంది, సెట్టింగుల్లో బ్యాకప్ అనో ఎక్స్‌పోర్ట్ అనో ఉంటుంది. ఫొటోలు అందులో రావు, అవి విడిగా దాచుకోండి. తమ పోస్టు తీసేయమని అడిగినవాళ్లది తీసేయండి, కారణం అడగొద్దు.

ఆఖరి వారం కొత్త పోస్టు ఏదీ వద్దు. ప్రతి ఒక్కరూ తను రాసిన మొదటి పోస్టు తెరిచి, దాని కింద తానే కామెంటు పెట్టాలి, అదే నియమం, ఒక వాక్యం ఎత్తి రాసి, ఒక ప్రశ్న అడగాలి. తర్వాత కామెంట్లు మూసేసి బ్లాగుని అలాగే ఉంచండి. వచ్చే ఏడాది ఆ క్లాసులోకి వచ్చే పిల్లలకి మీరిచ్చే మొదటి పని రాయడం కాదు: పాత పోస్టుల్లోంచి ఒకటి ఎంచుకుని చదివి, ఆ ప్రయోగం తాము చేసి చూసి, పోయినేడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి రాసుకుని రావడం.